ఫ్లూ నిమోనియాకి వెంటిలేటర్ వైద్యం: ఐసీయూకి నాలుగు స్టార్లు, బిల్లు కౌంటర్‌కి ఒకటి

ఆసుపత్రి పేరు రాయను, హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి అనుకోండి. ఫ్లూ ముదిరి నిమోనియా అయ్యి, మాస్కుతో ఎంత ఆక్సిజన్ పెట్టినా నిలవకపోయేసరికి మా బాబాయికి గొంతులో ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టారు.

వెంటిలేటర్ ఎక్కించారంటే ఇక ఆశ లేనట్టే అని చుట్టాలు ఫోన్లలోనే తేల్చేశారు. అది తప్పు, కానీ మెషీను ఊపిరితిత్తుల్ని బాగుచేస్తుందనుకోవడమూ తప్పే. వైరస్ వల్ల గాలిగదుల గోడలు దెబ్బతిని లోపలికి నీరు చేరుతుంది, కొన్ని భాగాలు మూసుకుపోతాయి, గాలి ఆడే చోటు బాగా తగ్గిపోతుంది. అప్పుడు మామూలుగా పంపినంత గాలి పంపితే అదంతా మిగిలిన ఆ కాస్త చోటులోకే దూరి దాన్ని సాగదీస్తుంది, ప్రతి శ్వాసకీ మూసుకుని తెరుచుకునే గదులు ఒరుసుకుపోతాయి, వాపు పెరుగుతుంది, ఒక్కోసారి ఆ ప్రభావం కిడ్నీల దాకా పోతుంది. వైరస్ చేసిన గాయం మీద మెషీను ఇంకో గాయం చేస్తుందన్నమాట. మెషీను కొనసాగించేది లోపలి గాయం మానేదాకా ప్రాణం నిలపడానికే.

అందుకే ఈ టీం నాకు నచ్చింది. చేర్చుకున్న రోజే టేపు తెచ్చి బాబాయి పొడవు కొలిచారు. ఆయన బరువు 85 కిలోలు, కానీ గాలి లెక్క దాంతో కట్టరు, పొట్ట పెరిగినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా. 165 సెంటీమీటర్ల మగమనిషికి ఎత్తుని బట్టి లెక్కలో వచ్చే బరువు దాదాపు 61 కిలోలు, కిలోకి 6 మిల్లీలీటర్ల గాలి, అంటే శ్వాసకి ఇంచుమించు 370 మిల్లీలీటర్లు. ఇలా ఊపిరితిత్తులు దెబ్బతిని వెంటిలేటర్ మీదున్నవాళ్ళతో చేసి, 2000లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో కిలోకి 12 చొప్పున ఇచ్చినవాళ్ళలో దాదాపు 40 శాతం చనిపోతే, 6 చొప్పున ఇచ్చినవాళ్ళలో 31 శాతం. మీవాళ్ళెవరైనా ఐసీయూలో ఉంటే మెషీను ఏ కంపెనీదని కాదు, ఎత్తు కొలిచారా అని అడగండి.

ఇలా తక్కువ గాలి పంపితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కొంచెం పెరుగుతుంది. రిపోర్టు చూసి పిన్నికి టెన్షన్. కొంతవరకు తెలిసే ఊరుకుంటాం, ఊపిరితిత్తిని కాపాడటం ముఖ్యమని డ్యూటీ డాక్టరమ్మ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఆ తర్వాత రోజుకి 16 గంటల పైనే బోర్లా పడుకోబెట్టారు. దీనివల్ల వీపు వైపు మూసుకున్న భాగాలు తెరుచుకుని గాలి అన్ని వైపులా సమంగా సర్దుకుంటుంది. మొహం వాచిపోయి చూడ్డానికి భయం వేసింది గానీ ఆక్సిజన్ మెరుగుపడింది, పంపే ఆక్సిజన్ శాతం కూడా తగ్గించారు.

కౌంటర్ సంగతి వేరు. మనిషిని తిప్పినందుకు విడిగా ప్రొసీజర్ చార్జీ వేశారు, ఎందుకని అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. రోగి ఎలా ఉన్నాడో చెప్పేది సాయంత్రం ఒక్కసారే, అదీ నిలబడి రెండు ముక్కలు.

ఐసీయూకి ఒక స్టారు తగ్గించింది మత్తు విషయంలో. మెషీనే ఊపిరి తీస్తుంటే, మామూలుగా ఆ పని చేసే డయాఫ్రమ్ కండరం కొద్ది రోజుల్లోనే సన్నబడిపోతుంది, ట్యూబు లోపల ఉన్నంతకాలం కొత్త నిమోనియా పట్టుకునే ప్రమాదమూ ఉంటుంది. అందుకని పరిస్థితి కుదుటపడ్డాక రోజూ మత్తు తగ్గించి సొంతంగా ఊపిరి తీసుకుంటాడో లేదో చూడాలి. వారం మధ్యలో చక్కగా చేశారు, ఆదివారం వస్తే మాత్రం "సార్ రేపొస్తారు" అన్నారు. ఫిజియోథెరపీ కూడా మేం వెంటపడి అడిగాకే మొదలుపెట్టారు.

ట్యూబు తీశాక గొంతు బొంగురుపోయింది, అది తగ్గింది, మెట్లెక్కితే ఆయాసం ఇంకా ఉంది. ఊపిరితిత్తుల పరీక్షకి మళ్ళీ రమ్మన్నారు. ఆ అపాయింట్‌మెంట్ యాప్‌లో దొరకదు, పొద్దున్నే ఓపీ కౌంటర్ దగ్గరికే వెళ్ళి టోకెన్ తీసుకోవాలి.