నెలకు రెండు వేలు: ఇంట్లో వండి పంచాలా, క్యాంటీన్‌లో తినిపించాలా, ఫంక్షన్ హాల్ అన్నం తేవాలా?

ఇంటి ఖర్చుల్లోంచి నెలకు రెండు వేలు పక్కన పెట్టగలం, రోడ్డు మీద బతికేవాళ్లకు ఎలా పెడితే మంచిది అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. సికింద్రాబాద్ వైపు మేము పొట్లాలు పంచుతామని తెలిసి అడిగేవాళ్లే ఎక్కువ. కాబట్టి నేను చెప్పేది ముఖ్యంగా హైదరాబాద్ లెక్క.

కాగితం మీద చూస్తే క్యాంటీన్‌కు పోటీయే లేదు. 2014లో హైదరాబాద్ నగర పాలక సంస్థ జీహెచ్ఎంసీ మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనమే ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్ అయింది. రెండు వేలకు నాలుగు వందల భోజనాలు. వేడన్నం, సాంబారు, కూర, పచ్చడి. ఇంట్లో మనం ఎంత పొదుపుగా వండినా ఆ ధర రాదు, ఎందుకంటే ఆ ప్లేటుకు అసలు ఖర్చు ముప్పై రూపాయల దాకా ఉంటుంది, మిగతాది జీహెచ్ఎంసీ భరిస్తుంది. చిక్కేంటంటే స్టాల్‌కు వచ్చే భోజనాలకు ఒక లెక్క ఉంటుంది. మనం ఇరవై టోకెన్లు కొని పంచితే వెనక నిలబడ్డ అడ్డా కూలీకి అయిపోయిందనే మాట వినిపించవచ్చు. పైగా ఐదు రూపాయలు లేక ఆగిపోయేవాళ్ల కంటే, అక్కడిదాకా వెళ్లలేక ఆగిపోయేవాళ్లే నాకు ఎక్కువ కనిపించారు. కాలికి పుండుతో ఆసుపత్రి గోడ పక్కన పడుకున్న మనిషి ఎండలో వెళ్లి క్యూలో నిలబడలేడు. కొందరికి మూట వదిలి వెళ్తే తిరిగొచ్చేసరికి ఉండదన్న భయం.

ఇంటి వంట ఖర్చు చెబుతాను. పాతిక మందికి పులిహోర కలపాలంటే మూడు కిలోల పైన బియ్యం పడుతుంది. నూనె, చింతపండు, పోపు, గ్యాస్ అన్నీ కలిపి నాలుగు వందల దాకా. డబ్బాలకు ఇంకో వంద. ఈ డబ్బాల సంగతి ఎవరూ ముందు లెక్కేయరు, నెల తిరిగేసరికి బడ్జెట్‌లో ఐదో వంతు అవే తినేస్తాయి. మొత్తానికి పొట్లం ఇరవై రూపాయలు, వారానికి పాతిక, నెలకు వంద. ఉడికించిన గుడ్డు పెడదామంటే ఒక్కో పొట్లానికి ఇంకో ఆరేడు రూపాయలు పెరుగుతుంది. మేము వారానికి పొట్లాలు ఆరేడు తగ్గించుకుని గుడ్డు పెడుతున్నాం. చిన్న నీళ్ల బాటిళ్లు కొనడం మాత్రం దండగ. పెద్ద క్యాన్ తీసుకెళ్లి వాళ్ల సీసాల్లోనే నింపితే సరిపోతుంది.

అంటే నాలుగు వందల భోజనాలకు ఎదురుగా వంద పొట్లాలు. అయినా నేను వంటవైపే మొగ్గుతాను. కారణం వారం, పూట.

గురువారం సాయిబాబా గుడి దగ్గర ప్రసాదం దొరుకుతుంది. శుక్రవారం దర్గా దగ్గర ఎవరో ఒకరు పెడతారు. శనివారం హనుమాన్ గుడి. పెద్దాసుపత్రుల ముందు పగటిపూట పుట్టినరోజనో వర్ధంతి అనో దాతలు వస్తూనే ఉంటారు. రోడ్డు మీద ఉండేవాళ్లకు ఈ పంచాంగం మనకంటే బాగా తెలుసు. పండగ రోజైతే ఒకే ఫుట్‌పాత్ మీదికి మూడు బ్యాచ్‌లు అదే పులిహోరతో దిగుతాయి, సగం తిన్న డబ్బాలు డివైడర్ పక్కన పడి ఉంటాయి. అదే ఆదివారం చూడండి. క్యాంటీన్లకు సెలవు. మామూలు రోజుల్లోనూ అక్కడ టిఫిన్, మధ్యాహ్న భోజనమే తప్ప రాత్రి లేదు. చిన్న హోటళ్లు కొన్ని మూసేస్తాయి, అడిగితే ఇంత పెట్టే చేయి కూడా ఉండదు. ఆదివారం రాత్రి అందే ఒక్క పొట్లం గురువారం మధ్యాహ్నం అందే నాలుగింటితో సమానమని నా అభిప్రాయం. అదే చోటుకి, అదే టైముకి వారం వారం వెళ్తే ఇంకో లాభం ఉంది. మన కోసం ఎవరు ఆగుతారో, ఎవరికి ఏం పడదో తెలుస్తుంది. మెట్రో పిల్లర్ దగ్గరుండే ఒక ముసలాయన డబ్బా మూత తీసి చూసి, "పల్లీలెయ్యకు బిడ్డా, నాకు పండ్లు లేవు" అన్నాడు. అప్పట్నుంచి కొన్ని డబ్బాల్లో మెత్తగా కలిపిన పప్పన్నమే పెడుతున్నాం. టోకెన్ చేతిలో పెట్టి వచ్చేస్తే ఈ సంగతి తెలిసేది కాదు.

ఆంధ్రలో లెక్క వేరు. 2024 ఆగస్టులో అన్న క్యాంటీన్లు మళ్లీ తెరిచాక మూడు పూటలా ఐదేసి రూపాయలకే దొరుకుతోంది, రాత్రి భోజనంతో సహా. నడవగలిగినవాళ్ల చేతిలో రోజుకు పదిహేను రూపాయలు పెడితే చాలు. అక్కడా ఆదివారం సెలవే కాబట్టి వంట ఆ ఒక్క రోజుకు పెట్టుకోండి.

ఇక ఫంక్షన్ హాల్ అన్నం, అంటే విందుల్లో మిగిలింది తెచ్చి పంచడం. డబ్బు లేదు, బండి ఉంది, రాత్రి పదకొండు దాకా తిరిగే ఓపిక ఉంది అనేవాళ్లకు ఇది బాగుంటుంది. 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్ హుడ్ ఆర్మీ లాంటి బృందాలు డబ్బు తీసుకోవు, మనిషి వస్తే చాలంటాయి. కానీ దీన్ని నమ్ముకుని వారం వారం ఒకచోటికి వస్తామని మాటివ్వలేం. ఆషాఢంలో, పుష్యంలో పెళ్లిళ్లుండవు, మిగిలిన అన్నమూ ఉండదు. ముహూర్తాల రోజుల్లోనేమో అన్నం చేతికొచ్చేసరికి తినాల్సినవాళ్లు నిద్రపోతుంటారు. పగలు వండిన సాంబారు, కొబ్బరి చట్నీ, పెరుగు రాత్రికి తేవద్దు. వాసన రాలేదు కదా అని కూడా తేవద్దు. అన్నం, పొడి కూర, రొట్టెలు వరకే.

ఏదైనా సంస్థకు డబ్బు పంపించేయడం అన్నిటికన్నా సులువు. విరాళానికి దొరికే ఆదాయపు పన్ను మినహాయింపు కోసమైతే పాత పన్ను విధానంలో ఉంటేనే వస్తుంది, రెండు వేలు దాటిన నగదుకు రాదు. నైట్ షెల్టర్‌కు బియ్యం బస్తా కొనిచ్చినా మంచిదే, ముందు అక్కడ వంట జరుగుతోందో లేదో కనుక్కోండి.

రెండు వేలూ ఒకేచోట పెట్టక్కర్లేదు. పదిహేను వందలు ఆదివారం వంటకు, మిగతా ఐదు వందలు టోకెన్లకు. ఆ టోకెన్లు మీరు కొని పంచే బదులు, మీకు ముఖపరిచయమైన, నడవగలిగిన మనిషికి చిల్లరగా ఇవ్వండి, తన టైముకి తనే వెళ్లి తింటాడు. నెల మధ్యలో గ్యాస్ అయిపోయినా, ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చినా ఆ వారం అరటిపళ్లు, బన్ను కొనుక్కుని అదే టైముకి వెళ్లండి.