చెక్క పలకలు తీయించి ఏడేళ్లు: గోడ బాగుంది, ఒక్క మూల తప్ప

వాన వెలిశాక గోడను వేలి కణుపుతో తట్టుకుంటూ ఇల్లు చుట్టి రావడం నాకు పాత చెక్క పలకల కాలం నుంచి అలవాటు. గట్టిగా పలికితే సరే, డొల్లగా పలికితే లోపల పుచ్చినట్టు. ఏడేళ్ల క్రితం మూడు గోడలకు చెక్క తీయించి ఫైబర్ సిమెంట్ పలకలు వేయించాను. పాతవి ఊడదీస్తే కిటికీల కింద సగం పలకలు పైన పటారం, లోన లొటారం. రంగు పొర ఒక్కటే వాటిని నిలబెట్టింది.

చెద పట్టదు, నిప్పంటుకోదు అన్నవి అందరికీ తెలిసినవే. నాకు దక్కిన అసలు సుఖం రంగు విషయంలో. చెక్క తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతూ రంగును పెచ్చులుగా రాల్చేది. నాలుగేళ్లకోసారి గీకుడు తప్పేది కాదు. ఈ ఏడేళ్లలో గీకుడు బిళ్ల చేతపట్టలేదు. ఎండ తగిలే వైపు కాస్త వెలిసింది, అంతే.

మొదటి ఏడాది కనపడిన వాళ్లందరికీ 'నీళ్లు దీన్నేమీ చేయలేవు' అని చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మూడో ఏడు, వరండా కప్పు గోడను కలిసే మూలలో అడుగు పలక అంచు ఉబ్బింది. నాణెంతో కదిపితే తడిసిన అట్టలా పొరలు విడిపోయింది. పలక ఊడదీయించాను. ముఖానికి ఫ్యాక్టరీ ప్రైమర్ చక్కగా ఉంది, రంపం కోసిన అంచు మాత్రం బూడిదరంగులో పచ్చిగానే ఉంది. ఈ పలకలో సిమెంటు, ఇసుకతో పాటు చెక్కగుజ్జు నార కూడా ఉంటుంది. పూత లేని కోత దగ్గర అది దీపం వత్తిలా నీరు పీలుస్తుంది. పైగా పలకను కప్పు మీద ఆనించి కొట్టారు. ఎడం వదలాలని పలకలతో వచ్చిన కాగితంలోనే ఉంది. పనివాళ్లూ చదవలేదు, నేనూ చదవలేదు. కప్పు అంచున నీటిని గోడకు దూరంగా తోసే వంపు రేకు కూడా లేదు.

లోపలి చట్రం కుళ్లిపోయి ఉంటుందని గుండె జారింది. చూస్తే పొడిగా ఉంది! పలకల వెనుక నిలువు పట్టీలు కొట్టి సెంటీమీటరు సందు వదిలారు. చొరబడిన నీరు అందులోంచి కిందికి దిగిపోయింది. ఆ పట్టీలకు అదనంగా అడిగితే అప్పట్లో ఎంత గొణిగానో!

రెండు పలకలు మార్చి, కోతలకు ప్రైమర్ పూసి, వంపు రేకు వేయించాక నాలుగేళ్లుగా ఆ మూల గట్టిగానే పలుకుతోంది. అన్నట్టు, కోసేటప్పుడు లేచే దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు చేటు. మా వాళ్లు తెరిచిన కిటికీ కిందే కోశారు, అప్పుడే వద్దనాల్సింది.

మాది ఒక అంతస్తు ఇల్లు, చూరు వెడల్పు, కాబట్టి నా అనుభవం అందరికీ సరిపోకపోవచ్చు. లోతైన వసారా నీడలో ఉన్న వెనుక గోడ చెక్క ఇప్పటికీ రాయిలా ఉంది. అలాంటి చోట పుచ్చిన రెండు మూడు పలకలు మార్చుకుంటే చాలు. నేనూ దాని జోలికి పోలేదు. ఎప్పుడైనా మార్చాల్సి వస్తే మాత్రం, ప్రైమర్ డబ్బా పట్టుకుని రంపం దగ్గర నేనే నిలబడతాను.