హెవీ లైసెన్స్ కోసం డ్రైవింగ్ స్కూల్లో ఫీజు కడుతున్నారా? జాగ్రత్త

లారీ, టిప్పర్ నేర్చుకుందామని హెవీ డ్రైవింగ్ స్కూళ్లలో చేరబోయే కుర్రాళ్లకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ ఈ హెచ్చరిక. మా తమ్ముడు విజయవాడ శివార్లలోని ఒక స్కూల్లో 28 వేలు కట్టాడు. అందులో 20 వేలు వెనక్కి రాబట్టేసరికి మా ప్రాణం తోకకొచ్చింది. మిగతా 8 వేలు ఇంకా రాలేదు.

మోసం ఎక్కడుందంటే, లారీ లాంటి రవాణా వాహనానికి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకోవడానికిచ్చే లెర్నర్ లైసెన్స్) ఇవ్వాలంటే ఎల్‌ఎంవీ (కారు లాంటి తేలికపాటి వాహనాల) లైసెన్స్ వచ్చి కనీసం ఏడాది అయి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 7వ సెక్షన్‌లోనే ఈ మాట ఉంది. వయసు కూడా 20 నిండాలి. మా వాడికి ఎల్‌ఎంవీ వచ్చి అప్పటికి ఐదు నెలలే. ఆ కార్డు చూసి, జిరాక్స్ తీసుకుని మరీ ఫీజు కట్టించుకున్నారు. "ఆఫీసు సంగతి మేం చూసుకుంటాం, నువ్వు రేపట్నుంచి వచ్చెయ్" అన్నారు. దరఖాస్తు పెట్టడానికే అర్హత లేని పిల్లాడని వాళ్లకు ఆ రోజే తెలుసు.

పైగా ఎల్‌ఎల్‌ఆర్ లేకుండానే స్టీరింగ్ చేతికిచ్చారు. పాత టిప్పర్, క్యాబిన్‌లో ఐదుగురు కుర్రాళ్లు. ఖాళీ లేఅవుట్‌లో ఒక్కొక్కరికీ ఒక రౌండు, అంతే ఆ రోజు క్లాసు. నేర్పే వాహనానికి ఇన్‌స్ట్రక్టర్ వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉండాలని రూల్. ఆ బండికి అలాంటివేమీ లేవు. ఎవరికైనా తగిలి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు వణుకొస్తుంది.

డబ్బులు వెనక్కివ్వమంటే రసీదు తిప్పి చూపించారు. "చెల్లించిన ఫీజు వాపసు ఇవ్వబడదు" అని వెనకాల రబ్బరు స్టాంపు. ముందువైపు స్కూల్ పేరు లేదు, లైసెన్స్ నంబరు లేదు, ఎన్ని గంటలు నేర్పుతారో లేదు. బజార్లో దొరికే రసీదు పుస్తకంలో చింపిన కాగితం, మీద ఒక సంతకం. "ఏడాది నిండాక రా, నీ సీటు ఎక్కడికీ పోదు" అని సాగనంపారు.

ఆ స్టాంపు చూసి వెనక్కి తగ్గకండి. లోపం ఉన్న సేవకు తీసుకున్న డబ్బు రసీదులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. సరైన బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. "మాది విద్యాసంస్థ, మాకు ఆ చట్టం వర్తించదు" అని కూడా దబాయించారు. కోచింగ్ సెంటర్లు వినియోగదారుల కమిషన్ల పరిధిలోకే వస్తాయని జాతీయ కమిషన్ 2020లో చెప్పిన తీర్పు మా లాయరు గారు చూపించారు. ఆ తర్వాత వాళ్లు ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

నిజంగా పని చేసింది రెండు కాగితాలు. ఒకటి, స్కూల్ యజమాని పేరున స్పీడ్ పోస్టులో పంపిన నోటీసు. ఎంత కట్టామో, ఎల్‌ఎంవీ లైసెన్స్ ఏ తేదీదో, 30 రోజుల్లో ఎంత తిరిగివ్వాలో అందులో రాశాం. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు జత చేశాం. రెండోది రవాణా శాఖ ఆఫీసులో ఇచ్చిన ఫిర్యాదు. లైసెన్స్ ఇప్పిస్తామని జనాన్ని తప్పుదోవ పట్టించకూడదని డ్రైవింగ్ స్కూళ్లకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. స్కూల్ లైసెన్స్ సస్పెండ్ చేసే అధికారం ఆ ఆఫీసుకే ఉంది కాబట్టి, డబ్బు కంటే అక్కడి ఫిర్యాదుకే వాళ్లు ఎక్కువ భయపడ్డారు. అంతకుముందు మా ఫోను ఎత్తనివాళ్లు తామే ఫోన్ చేసి 20 వేలు పంపారు. మిగతాది "అడ్మిషన్ ఖర్చు" అంటున్నారు, మేం ఒప్పుకోలేదు. 20 వేలు తీసుకునేటప్పుడు "పూర్తి బాకీ తీరింది" అని రాసివ్వమన్నారు, మేం రాయలేదు. మిమ్మల్నీ అడుగుతారు, సంతకం పెట్టకండి.

చేరేముందు గోడమీద ఫారం 11 లైసెన్స్ (స్కూల్ నడపడానికి రవాణా శాఖ ఇచ్చేది) ఒరిజినల్ చూపించమనండి, అందులో హెవీ వాహనాలు ఉన్నాయో లేదో చదవండి. యజమాని బావమరిది నంబరుకి డబ్బు కొట్టమంటే కొట్టకండి. మీ ఒరిజినల్ లైసెన్స్ కార్డు వాళ్ల దగ్గర వదలకండి. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ తెప్పిస్తామని వేరేగా డబ్బులు అడిగేవాళ్లూ ఉన్నారు. రవాణా వాహన లైసెన్స్‌కు ఆ చదువు ఉండాలన్న నిబంధన 2019లోనే తీసేశారు.

ఇప్పటికే ఇరుక్కుని ఉంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, స్కూల్ ఉన్న ఊరికి వెళ్లక్కర్లేదు. 5 లక్షల లోపు కేసుకు కోర్టు ఫీజు లేదు. గొడవ మొదలైన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. మా 8 వేల కోసం మేమూ ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాం.