ఏడో తరం ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మింట్: ఒక ప్రూఫ్ రీడర్ రివ్యూ

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ఏడో తరం ఐ5. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని కాబట్టి రోజంతా వర్డ్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు, బ్రౌజర్ తెరిచే ఉంటాయి. ఈ పనులకి ఆ మెషీన్ ఎప్పుడూ చాలలేదనిపించలేదు. కానీ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఒకటీ అరా మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచీ ఉండాలి. ఒక్క తరం తేడాతో నాది బయట ఉండిపోయింది. ఇప్పుడు దాని మీద విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ 22 నడుస్తోంది. చాలా బాగుంది, ఇక మార్చను. అయితే నాలాగా వర్డ్ ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు ఫాంట్ల గురించి కింద రాసింది చూసుకుని మొదలుపెట్టడం మంచిది.

సపోర్ట్ పోయినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. అలాగే వాడేసుకుందామని చాలామంది అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్. 2017 మేలో, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు, అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చి ఉంది. వేసుకోని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. అసలు ప్యాచ్‌లే రాని సిస్టమ్‌లో లోపం బయటపడితే అది అలా తెరుచుకునే ఉంటుంది. నా దగ్గర ఉండేవి ఇంకా అచ్చుకాని వాళ్ల రాతలు. నన్ను నమ్మి పంపినవాళ్ల ఫైళ్లని అలాంటి మెషీన్‌లో ఉంచడం నాకు ఇష్టం లేదు.

విండోస్ 11ని రూఫస్ లాంటి టూల్‌తో ఆ షరతులు దాటించి ఎక్కించవచ్చు. ఎక్కుతుంది కూడా. కానీ అలాంటి కంప్యూటర్లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్తోంది. అప్‌డేట్ల కోసమే కదా ఈ తిప్పలంతా! అందుకని అది వదిలేశాను. గూగుల్ వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఉచితమే, 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు. మెయిల్, వీడియోలు, బ్యాంకు సైట్లు తప్ప మరేమీ చూడని మా నాన్నగారి పాత ల్యాప్‌టాప్‌లో అదే వేశాను, ఆయనకి హాయిగా ఉంది. అయితే అందులో ప్లే స్టోర్ యాప్‌లు రావు. నా పనికి అది చాలదు.

మింట్ ఎక్కించడం గురించి భయపడాల్సింది లేదు. మింట్ మొత్తం ఉండే ఐఎస్‌ఓ ఫైలు దించుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రాసి, దాని నుంచి బూట్ చేస్తే డిస్కు జోలికి పోకుండానే డెస్క్‌టాప్ వస్తుంది. దీన్నే లైవ్ సెషన్ అంటారు. వైఫై, సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్ అన్నీ అక్కడే చూసుకోండి. కొన్ని వైఫై చిప్‌లకి, ముఖ్యంగా బ్రాడ్‌కామ్ వాటికి, డ్రైవర్ విడిగా వేయాల్సి వస్తుంది. నాది ఇంటెల్ చిప్ కాబట్టి వెంటనే పట్టింది. ఇన్‌స్టాల్ నొక్కేముందు ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకోవాలి. విండోస్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోవాలి. ఈ రెండిట్లో ఏదీ వాయిదా వేయొద్దు.

డెస్క్‌టాప్ రూపాన్ని బట్టి మింట్‌లో సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రకాలు దొరుకుతాయి. ర్యామ్ బాగా తక్కువ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిక. నేను సినమన్ తీసుకున్నాను. కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం ఉంటాయి. విండోస్ వాడిన చెయ్యి తడుముకోదు.

ఇక అసలు విషయం, వర్డ్ ఫైళ్లు. మింట్‌తో పాటే, వర్డ్ ఫైళ్లు తెరిచే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ వస్తుంది. దిద్దుబాట్లు నమోదయ్యే ట్రాక్ చేంజెస్, పక్కన రాసే కామెంట్లు రెండూ అందులో చక్కగా పనిచేస్తున్నాయి. నేను దిద్ది పంపింది ఎడిటర్ వర్డ్‌లో తెరిస్తే ఎవరు ఏ మాట మార్చారో అలాగే కనిపిస్తోంది. తేడా వచ్చేది ఫాంట్ల దగ్గర. ఇంగ్లీషుకి అంత బాధ లేదు. కాలిబ్రికి బదులు కార్లిటో, కాంబ్రియాకి బదులు కాలడియా ఉన్నాయి. అక్షరాల వెడల్పు ఒకటే కాబట్టి లైన్లు మారవు. తెలుగులో గౌతమి, నిర్మలా యూఐ లాంటివి విండోస్‌తో వచ్చే ఫాంట్లు. మింట్‌లో అవి లేకపోవడంతో వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. లైన్లు జరుగుతాయి, పేజీలు పెరుగుతాయి. "47వ పేజీలో మూడో పేరా" అని రాస్తే ఎడిటర్ దగ్గర అది 45లో ఉంటుంది. ప్రూఫ్ రీడర్‌కి ఇంతకంటే చిరాకు ఏముంటుంది?

దీనికి నేను చేసుకున్న ఏర్పాటు ఏమిటంటే, పని మొదలుపెట్టేముందే ఎడిటర్‌తో మాట్లాడి ఇద్దరం ఒకే ఉచిత ఫాంట్ పెట్టుకుంటున్నాం. మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ అయితే ఇటూ అటూ రెండు సిస్టమ్‌లలోనూ వేసుకోవచ్చు. పేజీల లెక్క ముఖ్యమైన చివరి ప్రూఫు మాత్రం పీడీఎఫ్‌లోనే అడుగుతాను. ఇది కుదిరాక ఇబ్బంది రాలేదు. పేజ్‌మేకర్ మీద అను లాంటి పాత ఫాంట్లతో పేజీలు కట్టేవాళ్లకీ, ఇన్‌డిజైన్ వాడేవాళ్లకీ మాత్రం మింట్ వద్దనే చెప్తాను. ఆ సాఫ్ట్‌వేర్లు లైనక్స్‌కి లేవు. విండోస్ ప్రోగ్రాములని లైనక్స్‌లో నడిపే వైన్‌తో ఏదో ఒకలా నడిపించి దాని మీద బతుకుతెరువు పెట్టుకోవడం సరికాదు.

తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగ్స్‌లోనే ఉంది, భాష కలుపుకుంటే చాలు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటు ఉన్నవాళ్లు ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాము, దానికి తోడు ఎం17ఎన్ వేసుకోవాలి. ఇక్కడ ఒక మార్కు తగ్గిస్తాను. కొత్తవాళ్లకి ఈ పేర్లే అర్థం కావు, మింట్ వాళ్లు దీన్ని ఇంకా సులువు చేయాల్సింది.

అప్‌డేట్ల విషయం నాకు బాగా నచ్చింది. కుడి మూల డాలు గుర్తు కనిపిస్తుంది, నొక్కితే ఏమేం వచ్చాయో చూపిస్తుంది, మనం సరే అన్నప్పుడే వేస్తుంది. గడువు తరుముతున్న రాత్రి తనంతట తాను రీస్టార్ట్ అవుతుందన్న భయం పోయింది. టైమ్‌షిఫ్ట్ ఆన్ చేసుకుంటే, ఏదైనా చెడినప్పుడు సిస్టమ్‌ని వెనకటి స్థితికి తీసుకెళ్లవచ్చు. కాకపోతే అది మామూలుగా మన సొంత ఫైళ్లని దాచదు, వాటి బ్యాకప్ వేరే చూసుకోవాలి. మింట్ 22కి 2029 వరకూ అప్‌డేట్లు ఉన్నాయి.

ప్రింటర్ వైఫైలో దానంతట అదే దొరికింది.

మావారి కంప్యూటర్‌కి మాత్రం నేను మింట్ వేయలేదు. ఆయన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. దానికి, విండోస్ 10కి గడువు తర్వాత కూడా అప్‌డేట్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఈఎస్‌యూ పథకం తీసుకున్నాం. 30 డాలర్లు కట్టచ్చు, వెయ్యి రివార్డ్స్ పాయింట్లు ఇవ్వచ్చు, లేదా సెట్టింగ్స్‌ని విండోస్ బ్యాకప్‌తో సింక్ చేస్తే ఉచితం. ఏ దారైనా మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. వచ్చేది సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే, అదీ 2026 అక్టోబర్ 13 వరకే. ఆలోగా ఆయన కొత్త మెషీన్ చూసుకోవాలి. పాతదాన్ని అమ్మొద్దని, నాకిమ్మని ఇప్పుడే చెప్పి ఉంచాను. అదీ ఏడో తరమే, మింట్ దాని మీద కూడా బాగానే నడుస్తుంది.