నాలుగు చోట్ల చూసి, ఒక కుట్టు మిషన్‌తో తిరిగొచ్చాను

మూడు రోజుల ప్రయాణం, నాలుగు చోట్లు, చివరికి చేతికొచ్చింది ఒక్క మిషన్. అదీ అమ్మేవాళ్ళే 'పాడైపోయింది' అని రాసిపెట్టిన మిషన్. పాత కుట్టు మిషన్ల కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళకి పనికొస్తుందేమోనని, ఏ చోట ఏం జరిగిందో, ఎక్కడ పడుకున్నానో, దాన్ని ఎలా మోసుకొచ్చానో రాస్తున్నాను.

సంచిలో టార్చి, రెండు స్క్రూడ్రైవర్లు, మిషన్ నూనె, కొత్త సూదులు, పాత గుడ్డ పీలికలు, రెండు రంగుల దారపు రీళ్ళు. పైన ఒక రంగు, కింద ఒక రంగు వేసి కుడితే దారం బిగువు (టెన్షన్) ఎటువైపు తప్పిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. వీటితో పాటు కింది దారాన్ని మోసే, తూటా ఆకారంలో ఉండే ఒక షటిల్, అందులో దారం చుట్టిపెట్టే పొడుగాటి బాబిన్. సింగర్ 27, 28 రకాల్లో షటిలే ముందుగా మాయమవుతుంది. అది లేకపోతే మిషన్ కుడుతుందో లేదో అక్కడికక్కడ తేల్చుకోలేం.

మొదట వెళ్ళింది పాత సామాన్ల షోరూముకి. ఏసీ, మెత్తటి కుర్చీ, ఎంతో మర్యాద. మిషన్ అద్దంలా మెరుస్తోంది. దగ్గరికెళ్ళి చూస్తే స్క్రూల గాడుల్లో కూడా నల్లరంగు. నంబరు చెక్కిన చోట అంకెలు సగం పూడిపోయాయి. అంటే పాత పూత మీద కొత్త రంగు కొట్టి, బంగారు బొమ్మలు కొత్తవి అతికించారన్నమాట. చక్రం తిప్పబోతే "సార్, అది షో పీస్, తిప్పకండి" అన్నాడు కుర్రాడు. తిప్పనివ్వని చోట నేను కొనను. అయినా నిజం చెప్పాలి, ఆ బంగారు స్ఫింక్స్ (సింహం ఒళ్ళు, మనిషి తల) బొమ్మల ముందు పది నిమిషాలు ఊగిసలాడాను. ఇంట్లో అలంకారానికి పెట్టుకునేవాళ్ళకి ఆ చోటు బాగుంటుంది. కుట్టాలనుకునేవాళ్ళకి దండగ.

రెండోది పాత ఇనుము యార్డు. కూర్చోడానికి చోటు లేదు, చేతులు కడుక్కోడానికి నీళ్ళు లేవు. తొక్కుడు మిషన్ల ఇనుప స్టాండ్లన్నీ ఒకపక్క వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మీద చెక్కో రాయో వేసి బల్లలుగా అమ్ముతారట. పైన ఉండాల్సిన మిషన్ తలలు మాత్రం వానకి తడుస్తూ ఒక కుప్పలో పడున్నాయి. పోత ఇనుము వంగదు, పడితే విరుగుతుంది. ఆ కుప్పలో సగం అలాగే విరిగాయి. విరిగిన ఒక 28 నుంచి స్లైడ్ ప్లేటు, అంటే షటిల్ మీద మూతలా జారే రేకు, ఊడదీసి కొన్నాను, అలాంటి చిన్న రేకులు విడిగా దొరకడం కష్టం. యజమాని ఎంతసేపైనా వెతుక్కోనిచ్చాడు, ఒక్క మాట అనలేదు. మర్యాదల సంగతి ఎలా ఉన్నా, షోరూము కన్నా నాకు ఇక్కడే నచ్చింది.

ఆ రాత్రి దిగిన లాడ్జి మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. గదిలో ఒక మంచం, గోడకి మసక దీపం, బల్ల లేదు. సంచిలో ప్లేటు మాత్రమే ఉంది కాబట్టి సరిపోయింది. పది కిలోలు దాటిన మిషన్‌తో ఆ మెట్లు ఎక్కడం తలచుకుని, పొద్దున్నే ఖాళీ చేసేశాను.

మూడోచోట అయిదు నిమిషాలు కూడా ఉండలేదు. ప్రకటన ఫోటోల్లో చిన్న సింగర్ 221 ముద్దుగా ఉంది. 1933లో వచ్చిన ఈ రకానికి ఒళ్ళు అల్యూమినియం, బరువు సుమారు అయిదు కిలోలే. అందుకే సేకరించేవాళ్ళు దీనికోసం ఎగబడతారు. తీరా వెళ్ళి చూస్తే వైరు మీది రబ్బరు వేలితో తాకగానే పొడిపొడిగా రాలింది. ఆయన ప్లగ్గు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. గ్రీజు పెట్టాల్సిన మోటారు గొట్టాల్లో నూనె కూడా పోశారట. కోపంగా "ఫోటో చూసే కదా వచ్చారు" అన్నాడు. నిజమే, తప్పు నాదే. అడుగుభాగం ఫోటో, వైరు ఫోటో పంపమని ముందే అడగాల్సింది.

నాలుగోది ఒక ఇల్లు. ప్రకటనలో రెండే మాటలు: 'చేతి మిషన్. చక్రం తిరుగుతుంది, సూది కదలదు.'

ఎనభై దగ్గరపడ్డ పెద్దావిడ తలుపు తీసి, కిటికీ పక్కనున్న బల్ల చూపించి, "చూసుకో బాబూ, తొందరేం లేదు" అని లోపలికెళ్ళిపోయారు. వంచిన చెక్కతో చేసిన మూత, తాళంచెవి లేదు. తీస్తే 28కె. నంబరు ముందు వై అక్షరం. సింగర్ మిషన్లకి 1900కి ముందు అంకెలే ఉండేవి, ఆ తర్వాత ముందు ఒక అక్షరం చేరింది, 1930ల మధ్య నుంచి రెండక్షరాలు. వై అంటే స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీ, 'కె' ఆ ఫ్యాక్టరీ ఉన్న కిల్బౌవీని గుర్తు చేసే అక్షరం. 1885లో తెరిచి 1980లో మూసేసిన ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు గానీ, అక్కడి రైల్వే స్టేషన్ పేరు ఇంకా సింగరే. బంగారు బొమ్మలు చెయ్యి ఆనే చోట అరిగి వెండిరంగుకి తిరిగాయి. ముందు స్లైడ్ ప్లేటు లేదు. అంతకు మించి లోపం కనపడలేదు.

చక్రం తిప్పాను. తేలిగ్గా తిరిగింది, సూది మాత్రం ఉలకలేదు. చక్రం మధ్యలో ఉండే పెద్ద మరను కుడివైపుకి బిగించి మళ్ళీ తిప్పితే సూది దిగింది, షటిల్ ఊగింది. బాబిన్ చుట్టేటప్పుడు సూది ఆడకుండా ఆ మరను వదులు చేస్తారు. చివరిసారి చుట్టినవాళ్ళు తిరిగి బిగించలేదు, అంతే!

ఇక్కడ కాస్త ఆగాను. నోరు మూసుకుని 'పాడైన' ధరకి తెచ్చుకోవచ్చు. కానీ తొందరేం లేదని నన్ను దానితో ఒంటరిగా వదిలేసి వెళ్ళిన మనిషి ఆవిడ. పిలిచి చూపించాను. రెండుసార్లు తనే తిప్పి చూసి, "అయితే ఇన్నేళ్ళూ నేనే కుట్టుకునేదాన్ని కదయ్యా" అన్నారు.

అమ్మరేమో అనుకున్నాను. "ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడానికే నాకు కళ్ళు ఆనవు, తీసుకెళ్ళు" అన్నారు. రాసిన ధరకి కొంత కలిపి ఇచ్చాను. ఆవిడ వద్దనలేదు.

రెండో రాత్రి బస మాత్రం దొరికితే అలాంటిది దొరకాలి. ఒక కుటుంబం నడిపే కింది అంతస్తు గది. గట్టి బల్ల, మంచి ట్యూబ్‌లైటు, బల్ల పక్కనే ప్లగ్గు. సంగతి చెప్పగానే యజమానురాలు పాత న్యూస్‌పేపర్ల కట్ట ఇచ్చి, "కిరసనాయిలు పని వరండాలో చేసుకోండి, పరుపుకి వాసన పడుతుంది" అన్నారు. న్యాయమైన షరతే. గడ్డకట్టిన పాత నూనెని కిరసనాయిలుతో కరిగించి, తుడిచి, ఆరాక ప్రతి రంధ్రంలో ఒక్కో చుక్క మిషన్ నూనె వేశాను. పైపూతని నూనె గుడ్డతో తుడవడమే, స్పిరిట్ దగ్గరికి కూడా రానివ్వలేదు. నా మొదటి మిషన్‌ని స్పిరిట్‌తో తుడిస్తే లక్కపూతతో పాటు బంగారు బొమ్మలు కూడా గుడ్డకి అంటుకొచ్చేశాయి. ఆ గుడ్డ ఇంకా దాచుకున్నాను, బుద్ధిగా ఉండటానికి.

యార్డులో కొన్న ప్లేటు సరిగ్గా జారి కూర్చుంది. మర్నాడు బస్టాండు దగ్గర ఒక మెకానిక్ బాబిన్ చుట్టే చక్రానికి కొత్త రబ్బరు రింగు వేసిచ్చాడు, రెండు నిమిషాల పని. ఒళ్ళంతా కొత్త రంగు కొట్టిస్తానన్నాడు గానీ, దండం పెట్టాను.

పార్సిల్‌లో వెయ్యలేదు. ఒకసారి ఒక పార్సిల్ సర్వీసు పుణ్యమా అని మిషన్ మూల విరిగి, చక్రం ఇరుసు వంగి వచ్చింది. పెట్టెలో చక్రం గోడకి ఆనితే దెబ్బంతా ఇరుసు మీదే పడుతుందని అప్పుడే తెలిసింది. బస్సు డిక్కీ కూడా వద్దనుకున్నాను. ఈ వంపు చెక్క మూతల్ని పైపిడి పట్టి ఎప్పుడూ ఎత్తకూడదు, పాత గడియ వదిలితే మూత చేతిలో ఉంటుంది, మిషన్ కాలి మీద ఉంటుంది. బెల్టుతో చుట్టూ కట్టి, అడుగున చేతులు పెట్టి మోసి, ఆరు గంటలూ ఒళ్ళోనే పెట్టుకున్నాను. తొడలు మొద్దుబారిపోయాయి. ఈసారి రెండు సీట్లు తీసుకుంటాను.

ఇంటికొచ్చాక చూస్తే పెట్టె పక్క అరలో సగం చుట్టిన బాబిన్ ఒకటి, ఆకుపచ్చ దారంతో. ఫోన్ చేసి చెబితే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రేకు కూడా బీరువా కింద దొరికిందయ్యా, దీన్నేం చేయను?" అన్నారు. ఆ కింది అంతస్తు గది వచ్చే నెలకి అప్పుడే చెప్పిపెట్టాను.