పీట ఇంకా కారులోనే ఉంది

కారు బెల్టు పిల్లలకు సరిగ్గా పడేలా వాళ్లను కాస్త ఎత్తులో కూర్చోబెట్టే ఈ బూస్టర్ సీటును నేను ఒకసారి కారులోంచి తీసేసి, నాలుగు నెలల తర్వాత మళ్లీ పెట్టాను. ఆ నాలుగు నెలలు లేకపోతే ఈ సమీక్ష రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

కొన్నది 2019లో, మా పాపకు ఐదేళ్లు నిండాక. వెనుక ఒరుగుడు విడదీస్తే అడుగు భాగం మాత్రం మిగిలే రకం. మా అమ్మ దాన్ని చూసిన మొదటి రోజే 'పీట' అంది, ఇంట్లో ఆ పేరే స్థిరపడింది. గుడ్డ రంగు, బరువు, గ్లాసు పెట్టుకునే గుంట గురించి నేను చెప్పను. నేను చెప్పాలనుకున్నది తొడల పక్కన ఉండే రెండు ఎర్ర కొమ్ముల గురించి. కారు సీటు బెల్టులోని నడుము పట్టీని వాటి కింద నుంచి తీసి బిగించాలి. మొదటి మూడేళ్లు వాటిని చేతులు ఆనించుకునే చోటు అనుకున్నాను.

మేం ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ప్లేనోలో. ఇక్కడి చట్టం ప్రకారం ఎనిమిదేళ్లు నిండేవరకు, లేదా నాలుగడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు వచ్చేవరకు, పిల్లలకు ఇలాంటి సీటు తప్పనిసరి. రెండింటిలో ఏది ముందు వస్తే అది. 2022 ఫిబ్రవరిలో పాపకు ఎనిమిది నిండాయి. మర్నాడే పీట తీసి గరాజులో పెట్టాను. అప్పటికి తన ఎత్తు నాలుగడుగుల ఒక అంగుళం. ఇంకా ఎనిమిది అంగుళాలు తక్కువ ఉందన్న ఆలోచనే నాకు రాలేదు. చట్టం ఇక అడగదు కాబట్టి అవసరం తీరిపోయిందనుకున్నాను.

జూన్‌లో హ్యూస్టన్ బయలుదేరాం. ఇంటర్‌స్టేట్ 45 రహదారి మీద కోర్సికానా అనే ఊరు దాటేసరికి పాప నిద్రపోయింది. ఇంకో అరగంటకు ముందు వెళ్తున్న లారీ చక్రం నుంచి టైరు ముక్క ఒకటి ఊడి దారికి అడ్డంగా పడింది. మావారు బలంగా బ్రేకు వేశారు. కారు దేనికీ తగలలేదు, మా వెనుక వాళ్లు కూడా ఆగగలిగారు. అంతా తప్పిందని ఊపిరి పీల్చుకుంటుండగా వెనుక నుంచి "అమ్మా, కడుపు" అని పాప ఏడుపు వినిపించింది.

తిరిగి చూస్తే నడుము పట్టీ బొడ్డు పైకి ఎక్కి ఉంది. భుజం పట్టీ మెడకు ఒరుసుకుంటోందని నిద్రపోయే ముందే చంక కిందికి తోసేసుకుంది. మోకాళ్లు సీటు అంచు దాకా రావు కాబట్టి, కాళ్లు వంచుకోవడానికి కొంచెం కొంచెంగా ముందుకు జరిగింది. పట్టీ ఉన్న చోటే ఉంది, పిల్ల దాని కిందికి దిగిపోయింది. బయలుదేరేటప్పుడు నేనే బిగించాను, అప్పుడు సరిగ్గానే ఉంది. రెండు గంటల తర్వాత ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

హ్యూస్టన్ చేరగానే ఆసుపత్రికి తీసుకెళ్లాం. పొట్ట మీద అడ్డంగా ఎర్రటి చార. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, అయినా రాత్రి పది దాకా ఉంచుకుని, మళ్లీ మళ్లీ పొట్ట నొక్కి చూసి పంపారు. అక్కడి డాక్టరు గారు తన తుంటి మీదే వేలు పెట్టి వివరించారు. పెద్దవాళ్లకు తుంటి ఎముక ముందు అంచు గట్టిగా ముందుకు వచ్చి ఉంటుంది. పట్టీ దానికి ఆని ఆగుతుంది. ఈ వయసు పిల్లల్లో ఆ అంచు ఇంకా తయారవుతూ ఉంటుంది, పట్టీకి ఆగే చోటు ఉండదు. అది పైకి జారి మెత్తటి పొట్ట మీద పడుతుంది. నిజంగా గుద్దుకున్న ప్రమాదాల్లో ఇలా కూర్చున్న పిల్లలకు పేగులు చిరగడం, వెన్ను దెబ్బతినడం జరుగుతుంది. వైద్యులు దాన్ని సీట్ బెల్ట్ సిండ్రోమ్ అంటారు. మాది బ్రేకుతో ముగిసింది.

తిరుగు ప్రయాణానికి ముందు హ్యూస్టన్‌లోనే తాత్కాలికంగా ఒక సీటు కొన్నాం. ఇంటికి రాగానే గరాజులోంచి పీట తీసి దుమ్ము తుడిచాను. ఆ కొమ్ములు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. పిల్ల ఎంత జారాలని చూసినా పట్టీని తొడల మీదే పట్టి ఉంచేవి అవే. పీట పిల్లను నాలుగంగుళాలు లేపుతుంది. అందువల్ల మోకాళ్లు అంచు దగ్గర వంగుతాయి, జారవలసిన అవసరమే రాదు. ఇంత మామూలు ప్లాస్టిక్ ముక్క ఇంత పని చేస్తుందని తెలిశాక దాని మీద నాకు చాలా గౌరవం కలిగింది.

అయితే కొన్న కొత్తలో నేను తెలిసినవాళ్లందరికీ చెప్పిన ఒక మాటను ఇప్పుడు సవరించుకోవాలి. ఒరుగుడు చివరిదాకా తీయకండి, నిద్రపోతే తల వాలకుండా అదే ఆపుతుంది అని చెప్పేదాన్ని. తొమ్మిదిన్నర ఏళ్లకు మా పాప భుజాలు ఒరుగుడు ఎత్తు సర్దే మెట్లలో అన్నిటికంటే పై మెట్టును దాటిపోయాయి. ఆ తర్వాత భుజం పట్టీ కిందికి లాగుతున్నట్టు ఉండేది. ఇంకో లోపం కూడా ఉంది. పట్టీని నడిపించే పై కొక్కెంలో అది అప్పుడప్పుడు ఇరుక్కుంటుంది. పిల్ల ముందుకు వంగి పుస్తకం తీసుకుని వెనక్కి ఒరిగితే పట్టీ తిరిగి బిగుసుకోకుండా వదులుగా మిగిలిపోతుంది. చిన్నపిల్లకు నిద్రలో ఆ ఒరుగుడు నిజంగా మేలు చేసింది. చివరిదాకా ఉంచమన్న సలహా మాత్రం ఇప్పుడు ఇవ్వను.

ఒరుగుడు తీశాక ఇంకో మేలు కనిపించింది. కూచిపూడి తరగతికి మూడు కుటుంబాల పిల్లలను వంతులవారీగా దింపుతాం. మిగతా ఇద్దరికీ పీటలు లేవు. "నేనేమైనా పసిపిల్లనా?" అని పాప రోజూ గొడవ చేసేది. ఒరుగుడు లేని పీట కిటికీలోంచి బయటకు కనిపించదు, పైగా కూర్చున్నవారు కొంచెం పొడుగ్గా అనిపిస్తారు. గొడవ వారంలో ఆగింది.

2023 వేసవిలో దాన్ని సూట్‌కేసులో పెట్టుకుని ఇండియా వెళ్లాం. శంషాబాద్ విమానాశ్రయం నుంచి విజయవాడకు మాట్లాడుకున్న కారులో వెనుక సీటు బెల్టు పెట్టుకునే గూళ్లు సీటు కవరు కింద ఉండిపోయాయి. డ్రైవరు గారు ఓపికగా కవరు లేపి, చెయ్యి లోపలికి పెట్టి వెతికి బయటకు తీశారు. ఇంటికి వెళ్లాక మా నాన్న, "తొమ్మిదేళ్ల పిల్లకు ఇంకా పీటేమిటమ్మా?" అన్నారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ వాళ్ల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 నాటి సవరణ చట్టంలో ఉందని చెబితే కాసేపు ఆలోచించారు. కోర్సికానా సంగతి చెప్పాక మాత్రం మా ఊళ్లో తిరిగిన ప్రతిసారీ పీటను ఆయనే తెచ్చి కారులో పెట్టారు.

ఇక ఎప్పుడు తీయాలి? ఇక్కడ పిల్లల సీట్లు సరిచూసే శిక్షణ పొందినవాళ్లు ఉంటారు. 2024 చివర్లో మా రెండు కార్లూ తీసుకుని అలాంటి ఒకరి దగ్గరకు వెళ్లాను. ఆవిడ వయసు అడగనే లేదు. పాపను పీట లేకుండా కూర్చోబెట్టి చూశారు. నడుము సీటుకు పూర్తిగా ఆనిందా, మోకాళ్లు అంచు దగ్గర వంగాయా, కింది పట్టీ తొడలను తాకుతూ ఉందా, పై పట్టీ మెడకూ భుజం చివరకూ మధ్యలో పడిందా అని. చివరి ప్రశ్న నన్ను అడిగారు: దారంతా ఇలాగే కూర్చుంటుందా? నాకు ఆ ఒక్క ప్రశ్న ముందు మిగతా నాలుగూ చిన్నవిగా కనిపించాయి. మా పాప కారెక్కితే నిద్రపోతుంది.

చిన్న కారులో మొదటి నాలుగూ నెగ్గింది. మినీవ్యాన్ మధ్య వరుసలో సీటు లోతు ఎక్కువ, మోకాళ్లు అంచుకు రాలేదు. అదే పిల్ల, అదే రోజు. కాబట్టి "మీవాడు ఎన్నో ఏట మానేశాడు?" అన్న ప్రశ్నకు జవాబులో ఏ కారు, ఏ సీటు అన్నవి కూడా ఉండాలి. మా స్నేహితుల అబ్బాయి తొమ్మిదిన్నరకే అన్ని కార్లలోనూ సరిపోయాడు. వాడు పొడగరి, కారులో కునుకు కూడా తీయడు. మా పాప సన్నం, పొట్టి. మేం నెలకోసారి నాలుగేసి గంటలు ప్రయాణం చేస్తాం. ఊళ్లోనే తిరిగే కుటుంబానికి ఈ పీట ఇంత కాలం అవసరం రాకపోవచ్చు. అయినా ఎనిమిదో పుట్టినరోజు మర్నాడు తీయకండి అని మాత్రం ఎవరు అడిగినా చెబుతాను.

ఈ జనవరి నుంచి చిన్న కారులో బడికి పీట లేకుండానే వెళ్తోంది, వెనుక సీటులోనే. వ్యాన్‌లో పీట అలాగే ఉంది. పాప ఎక్కని రోజుల్లో కూడా దానికి బెల్టు పెట్టి ఉంచుతాం, లేకపోతే గట్టి బ్రేకుకు ఎగిరి ఎవరికైనా తగులుతుంది. అడుగున అచ్చు వేసిన గడువు 2027 దాకా ఉంది. పోయిన ఆదివారం గుమ్మం దగ్గర కొలిస్తే పాప నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. వెంటనే వ్యాన్ ఎక్కి పీట పక్కకు జరిపి కూర్చుని చూసుకుంది. మోకాలికీ సీటు అంచుకూ మధ్య ఇంకా రెండు వేళ్ల దూరం ఉంది. పీటను తనే మళ్లీ సరిగ్గా జరుపుకుని, పట్టీని కొమ్ముల కింద నుంచి తీసి బిగించుకుంది.