అర బుషెల్ యాపిల్స్‌కి ఏది మేలు: తిప్పే మిషనా, చేతి పీలరా?

సెప్టెంబరు వచ్చిందంటే తెలిసినవాళ్లు నన్ను ఒకటే అడుగుతారు. "మీ ఇంట్లో హ్యాండిల్ తిప్పే యాపిల్ పీలర్ ఉంది కదండీ, అది కొనమంటారా? మామూలు పీలర్‌తో అయిపోదా?" న్యూజెర్సీలో ఉండే మాకు న్యూయార్క్ రాష్ట్రంలోని వార్విక్ తోటలు దగ్గర. పిల్లల్ని తీసుకుని వెళ్తాం, చెట్టు నుంచి కోసుకునే సరదాలో సంచి ఎప్పుడు నిండిందో తెలియదు. ఇంటికొచ్చి వంటగట్టు మీద పెట్టాక గానీ ఎన్ని తెచ్చామో అర్థం కాదు. అర బుషెల్ అంటే 20 పౌండ్ల పైమాటే. మధ్యరకం కాయలు పౌండుకి మూడు తూగుతాయి, అంటే 60 కాయలకి తక్కువ ఉండవు. కొన్ని తింటాం, కొన్ని పక్కింటికి ఇస్తాం. మిగిలినవాటితో సాసో, యాపిల్ పైయో, ఎండు చక్రాలో చెయ్యాలి. వాటిలో ఏది చేసినా మామూలుగా ముందు చెక్కు తీయాలి.

ఈసారి వారం తిరక్కుండానే నలుగురు అడిగారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. ఈ రెండూ చేసే పని ఒకటి కాదు. చేతి పీలర్ చెక్కు మాత్రమే తీస్తుంది. తర్వాత కాయని నాలుగు చెక్కలు చేసి, గింజల భాగం తీసేసి, ముక్కలు కోసుకోవాలి. మిషన్ అయితే ఒక పక్క చెక్కు తీస్తూ, ఇంకో పక్క మధ్యలో గింజల గుంజు తొలిచేస్తూ, మిగిలిన కండని పావు ఇంచు మందాన చుట్టలు చుట్టలుగా కోసేస్తుంది. ఆ చుట్టని నిలువుగా ఒక్క కోత కోస్తే అర్ధచంద్రాల్లాంటి ముక్కలు విడివడతాయి. "నేను పీలర్‌తో ఒక కాయ 20 సెకన్లలో చెక్కేస్తాను" అనేవాళ్లు తర్వాతి పని లెక్కలో వేసుకోరు. నా చేతికి పీలరూ చాకూ కలిపి ఒక కాయ పూర్తయ్యేసరికి నిమిషం పైనే పడుతుంది. మిషన్ మీద గుచ్చడం, తిప్పడం, తీయడం అన్నీ కలిపి పావు నిమిషం. 60 కాయల దగ్గర ఆ తేడా గంట పైబడిన పనికీ, పావుగంట పనికీ ఉన్నంత తేడా.

ఇంతవరకూ చదివితే మిషనే మేలనిపిస్తుంది. నాకూ అదే ఇష్టం, దాచను. కానీ కొన్నవాళ్లలో చాలామంది రెండుసార్లు వాడి అటకెక్కించేశారు. కారణం అడిగితే "కాయ తిరగట్లేదండీ, ఫోర్క్ ఒక్కటే తిరుగుతోంది" అంటారు. అసలు తేల్చుకోవాల్సింది అక్కడే ఉంది. ఏ మిషన్ కొన్నామన్నది తర్వాతి మాట. కాయ ఎంత గట్టిగా ఉందన్నదే ముందు చూసుకోవాలి.

మిషన్ ఎలా పనిచేస్తుందో గమనిస్తే ఇది తేలిగ్గా బోధపడుతుంది. పొడవాటి మర కడ్డీ, దాని చివర మూడు ముళ్ల ఫోర్క్. హ్యాండిల్ తిప్పితే మర వెంబడి కాయ తిరుగుతూ ముందుకి జరుగుతుంది. స్ప్రింగుతో నొక్కిపెట్టిన చిన్న బ్లేడు కాయ ఒంపుల్ని అనుసరిస్తూ చెక్కు తీస్తుంది. ఎదురుగా స్థిరంగా ఉన్న రింగు గింజల భాగాన్ని తొలుస్తుంది, రింగుకి ఆనుకుని ఉన్న బ్లేడు ముక్కలు కోస్తుంది. అంటే మూడు చోట్ల నుంచి కాయకి అడ్డం తగులుతోంది, దాన్ని తిప్పుతున్నవి మాత్రం ఆ మూడు ముళ్లు. కండ గట్టిగా ఉంటే ముళ్లు పట్టు విడవవు. మెత్తబడితే ముళ్లు లోపలే గుండ్రంగా గంటు చేసుకుని అక్కడే తిరుగుతుంటాయి, కాయ కదలదు. ఎంత బలంగా తిప్పితే ఆ గంటు అంత పెద్దదవుతుంది.

అందుకే ఏ రకం కాయ, కోసి ఎన్నాళ్లయింది అన్న రెండూ చూసుకోవాలి. వార్విక్ వైపు సెప్టెంబరులో ముందుగా వచ్చేది మెకింటాష్. రుచికి, వాసనకి నాకు చాలా ఇష్టమైన కాయ, కానీ త్వరగా మెత్తబడుతుంది. కోసిన రెండు మూడు రోజుల్లోపు అయితేనే మిషన్ మీద పెడతాను. మెకింటాష్ నుంచే పుట్టిన కార్ట్‌లండ్, ఎంపైర్ కొంచెం నయం. కార్ట్‌లండ్‌కి ఇంకో మంచి గుణం, కోశాక త్వరగా నల్లబడదు. ఎండబెట్టే చక్రాలకి నేను ఏరుకునేది అదే. అక్టోబరు చివర్లో వచ్చే నార్తర్న్ స్పై, దుకాణంలో ఏడాది పొడుగునా దొరికే గ్రానీ స్మిత్ మిషన్ కోసమే పుట్టాయా అన్నట్టు ఉంటాయి. హనీక్రిస్ప్ గట్టిదే, కానీ కొన్ని కాయలు మరీ పెద్దవి. బ్లేడుకీ ఫోర్కుకీ మధ్య పట్టవు, చేత్తో చేసుకోవలసిందే.

గట్టిదనం తెలుసుకోవడానికి తొడిమ పక్కన బొటనవేలితో నొక్కి చూస్తాను. చొట్ట పడితే పక్కన పెట్టేస్తాను. తోట నుంచి తెచ్చిన సంచిని గరాజ్‌లోనో గట్టు మీదో వదిలేస్తే కాయలు ఫ్రిజ్‌లోకంటే చాలా త్వరగా మగ్గిపోతాయి. పని వచ్చే శనివారానికి వాయిదా వేస్తే కాయల్ని ఫ్రిజ్‌లో పెట్టండి, తీసిన వెంటనే చల్లగా ఉండగానే మిషన్‌కి ఎక్కించండి.

కాస్త మెత్తబడిన కాయల్ని కాపాడుకునే దారి ఒకటుంది. ముక్కలు కోసే రింగుని పట్టి ఉంచే మర వదులు చేసి పక్కకి జరిపేస్తే చెక్కు తీసే బ్లేడు ఒక్కటే తగులుతుంది. కాయ మీద భారం తగ్గుతుంది, చాలావరకు తిరుగుతుంది. తర్వాత చాకుతో కోసుకోవచ్చు. బంగాళాదుంపలకీ నేను ఇలాగే చేస్తాను. ఇది తెలియక మిషన్ మూలన పడేసినవాళ్లు నాకు తెలుసు, అందుకే ఇంతగా చెప్తున్నాను.

ఈ మిషన్ పుట్టుక చూసినా అది తాజా కాయల కోసమేనని తెలుస్తుంది. అమెరికాలో యాపిల్ చెక్కు తీసే యంత్రానికి మొదటి పేటెంటు 1803లో పెన్సిల్వేనియాకి చెందిన మోజెస్ కోట్స్‌కి వచ్చింది. న్యూ హాంప్‌షైర్‌లోని ఆంట్రిమ్ అనే ఊళ్లో డేవిడ్ గుడెల్ 1864లో 'లైట్నింగ్' పేరుతో ఒకటి తెచ్చాడు. ఆయన ఆ తర్వాత ఆ రాష్ట్రానికి గవర్నర్ కూడా అయ్యాడు. చలికాలానికి ముందే తోటంతా కోసి, చెక్కు తీసి, ముక్కలు ఎండబెట్టుకోకపోతే ఆ పంట చాలావరకు నిలవని రోజులవి. ఇరుగుపొరుగు ఒక ఇంట్లో చేరి రాత్రి పొద్దుపోయేదాకా చెక్కు తీసేవాళ్లు. పొడుగ్గా వచ్చిన తొక్కని ఆడపిల్లలు భుజం మీదుగా వెనక్కి విసిరి, అది ఏ అక్షరంలా పడితే కాబోయేవాడి పేరు ఆ అక్షరంతో మొదలవుతుందని చూసుకునేవాళ్లట. ఇది చదివినప్పుడు నాకు మా ఇంట్లో మాగాయ పెట్టే రోజే కళ్లముందు కనిపించింది. మధ్యలో అరగదీసి చిల్లు చేసిన ఆల్చిప్పలు పట్టుకుని నలుగురు ఆడవాళ్లు చాప మీద కూర్చునేవాళ్లు. ఆ చిల్లు అంచుతో మామిడికాయ చెక్కు పల్చగా లేచి వచ్చేది. మా అమ్మ చేతిలో ఆల్చిప్ప ఉంటే ఏ పీలరూ సాటి రాదు.

ఆ మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను, మామిడికాయకి ఈ మిషన్ పనికిరాదు. కాయ గుండ్రంగా ఉండదు, టెంక రింగుకి అడ్డం పడుతుంది. మామిడికాయ దొరకనప్పుడు పప్పులోకి, పచ్చడిలోకి గ్రానీ స్మిత్ వాడేవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం, దానికి ఒకటో రెండో కాయలే కాబట్టి మిషన్ బయటికి తీయక్కర్లేదు. హల్వాకైతే మిషన్ అసలు వద్దు. చుట్టగా తెగిన కాయని తురుముకోలేం. చేతి పీలర్‌తో చెక్కు తీసి, గుండు కాయని అలాగే పట్టుకుని తురుముకోవడం సులువు.

ఇక చేతి పీలర్. నేను వాడేది వై ఆకారంలో ఉండేది. ఆ ఆకారానికి పేరు తెచ్చింది 1947లో స్విట్జర్లాండ్‌లో ఆల్ఫ్రెడ్ నెవెచెర్జల్ తయారుచేసిన రెక్స్ పీలర్. అక్కడ దాని బొమ్మతో తపాలా బిళ్ల కూడా వేశారు. బ్లేడు అటూ ఇటూ కదులుతుంది కాబట్టి కాయ వంకరైనా, మెత్తదైనా, చొట్టలున్నా దానితో పాటే పోతుంది. మిషన్‌కి ఈ ఓర్పు లేదు. పది కాయలలోపు పనికి నేను చేతి పీలరే తీస్తాను. ఒక యాపిల్ పైకి ఆరు నుంచి ఎనిమిది కాయలు చాలు, మిషన్ బిగించి, వాడి, కడిగి ఆరబెట్టే సమయంలో అవి చేత్తోనే అయిపోతాయి. మిషన్ ఉన్న ఇంట్లోనూ చేతి పీలర్ తప్పదు, ఎందుకంటే కాయకి పైనా కిందా కాసింత చెక్కు ఉంగరంలా మిగిలిపోతుంది. చేతి పీలర్‌తో వచ్చే ఇబ్బంది బొటనవేలికీ మణికట్టుకీ. 20 కాయలు దాటేసరికి మా అమ్మకి వేళ్లు పట్టేసేవి. అదే హ్యాండిల్ తిప్పుతూ కబుర్లు చెప్తూ అర బుషెల్ పూర్తి చేసింది.

మిషన్ కొనాలనుకునేవాళ్లకి నా మాట ఒకటే, గట్టుకి మరతో బిగించే క్లాంప్ రకం తీసుకోండి. నేను మొదట కొన్నది కింద రబ్బరు సక్షన్ ఉన్నది. నున్నటి గట్టు మీద కాస్త తడి చేసి పెడితే అది బాగానే పట్టుకుంటుంది. చెక్క బల్ల మీద, టైల్స్ అతుకుల మీద నిలవదు. మా పాత ఇంట్లో టైల్ గట్టు. గట్టి కాయ ఒకటి తిప్పుతుంటే మిషన్ మొత్తం లేచి నేల మీద పడింది. కాలి మీద పడకపోవడం అదృష్టం. క్లాంప్ రకం అయితే అంచు కావాలి. గట్టు కిందే సొరుగు ఉంటే దవడ పట్టే చోటుండదు, కాబట్టి ముందు కొలుచుకోండి. నేను భోజనాల బల్లకి బిగిస్తాను, గీతలు పడకుండా మధ్యలో మందపాటి గుడ్డ పెడతాను. విక్టోరియో, నార్‌ప్రో లాంటి పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. ఈ మిషన్లన్నీ ఇంచుమించు ఒకే పోలికలో ఉంటాయి, పేరు కంటే పట్టు చూసుకోవడం ముఖ్యం.

కొత్త మిషన్ తెచ్చాక బ్లేడు సరిచేసుకోకుండా వాడితే చెక్కుతో పాటు కండ కూడా పోతుంది. "వేస్ట్ ఎక్కువండీ" అనే మాట అందుకే వస్తుంది. బ్లేడు ఎంత బయటికి రావాలో చూసే చిన్న మర ఉంటుంది. ఒకటి రెండు కాయలు పోయినా ఫర్వాలేదు, తొక్క కాగితమంత పల్చగా వచ్చేదాకా తిప్పి చూడండి. కాయని గుచ్చేటప్పుడు తొడిమ గుంట నడిమధ్యన గుచ్చాలి. కాస్త పక్కకి పోతే రింగు గింజల్ని తప్పించుకుంటుంది, యాపిల్ పైలో పెంకు ముక్కలు పంటికి తగులుతాయి.

సాస్ ఒక్కటే చేసేవాళ్లకి మూడో దారి కూడా ఉంది, ఫుడ్ మిల్. చెక్కు తీయకుండానే కాయల్ని నాలుగు చెక్కలుగా కోసి ఉడికించి అందులో వేసి తిప్పితే తొక్క, గింజలు పైన ఆగిపోతాయి. ఎర్రటి మెకింటాష్‌లు తొక్కతో ఉడికితే సాస్ లేత గులాబీ రంగులో వస్తుంది. మెత్తబడ్డ కాయలన్నీ నేను దీనికే పంపుతాను. సీసాల్లో నిలవ చేసే లెక్క ఇక్కడ సులువు, ఏడు క్వార్ట్ (దాదాపు లీటరు) సీసాలకి సుమారు 21 పౌండ్ల కాయలు పడతాయి. మీరు తెచ్చిన అర బుషెల్ ఒక్క వాయికి సరిపోతుంది. కరెంటు పీలర్లున్నాయి, చెక్కు ఒక్కటే తీస్తాయి, నాకు అవసరం కనిపించలేదు. చాకుతో చెక్కడం చేతనైనవాళ్లకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

పిల్లలు హ్యాండిల్ తిప్పుతామని ఎగబడతారు, తిప్పనివ్వండి. బ్లేడులు బయటికే ఉంటాయి కాబట్టి కాయ గుచ్చడం, తీయడం మాత్రం పెద్దవాళ్లే చెయ్యాలి. పక్కన నిమ్మరసం పిండిన నీళ్ల గిన్నె పెట్టుకుని ముక్కలు ఎప్పటికప్పుడు అందులో వేస్తే నల్లబడవు. పనయ్యాక మిషన్‌ని డిష్‌వాషర్‌లో పెట్టకండి. వేడినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, మర కడ్డీ పూర్తిగా ఆరాక డబ్బాలో పెట్టండి.

గరాజ్ సేల్స్‌లో పాత ఇనుప మిషన్లు కనిపిస్తుంటాయి, గుడెల్ కంపెనీ వాళ్ల 'వైట్ మౌంటెన్' రకాలు కూడా. కొనే ముందు మూడు ముళ్లు నిటారుగా ఉన్నాయో లేదో, మర గాడులు అరగకుండా ఉన్నాయో లేదో చూడండి. జేబులో ఒక గ్రానీ స్మిత్ వేసుకుని వెళ్లి, అడిగి అక్కడే ఒకసారి తిప్పి చూస్తే ఇంకా మంచిది.